మైత్రి వేరు, విలీనము వేరు

మిత్రరాజ్యములు ఒకే రాజ్యముగా కలిసిపోవుట మేలా? 1958 ఫిబ్రవరిలో ఈజిప్టు, సిరియాలు కలిసి ఐక్య అరబ్బు గణరాజ్యమైనవి. ఇరుదేశముల భాషయు అరబ్బీయే. నాసరు పేరు వినిన ఇరుతావుల ప్రజలును పొంగిపోయిరి. అయినను సిరియాలోని రాజకీయ పక్షములు రద్దయినవి. అధికారము కైరో నగరమునకు చేరినది. 1961 సెప్టెంబరు 28న డమాస్కసులో సైనికాధికారులు తిరుగబడగా సిరియా వేరుపడెను. భాష ఒక్కటైనను పొత్తు నిలువలేదు.

పరభాషా రాష్ట్రములలో తరతరములుగా కాపురమున్న మనము దీనిని గ్రహింపగలము. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్య నేర్పు వసతులకై రాష్ట్రములు యత్నింపవలెనని 1956లో మన రాజ్యాంగమున చేర్చిన 350ఎ అధికరణము చెప్పుచున్నది. చిన్నవాని మాటకు చట్టమున చోటున్న సమాఖ్యయే నిలుచును. ఆ హామీ లేనిచో రాజ్యములు మిత్రులుగా నుండుటయే మేలని మా అభిప్రాయము.