ఆకుపచ్చ వెన్ను ట్రౌటు: ఒక పొరపాటు, దాని దిద్దుబాటు

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో రాకీ పర్వతాల నుండి అనేక సెలయేళ్లు పుట్టుచున్నవి. ఆ చల్లని నీటిలో నివసించే ట్రౌటు చేపలలో 'కట్‌త్రోట్' అనే జాతి ఆ ప్రాంతానికి సహజమైనది. దవడ కింద ఉండే ఎర్రని చార వల్ల గొంతు కోసినట్లు కనిపిస్తుంది గనుక దానికా పేరు వచ్చినది. పర్వతశ్రేణికి పడమట పారే నదులలోని చేపలకు, తూర్పున పారే నదులలోని చేపలకు దీర్ఘకాలం కలయిక లేదు. ఆ ఎడబాటు వల్ల వేరువేరు ఉపజాతులు ఏర్పడినవి. తూర్పువైపు ఉపజాతులలో ఒకటి 'గ్రీన్‌బాక్', అనగా ఆకుపచ్చ వెన్ను ట్రౌటు.

1859 ప్రాంతంలో బంగారం కోసం జనం ఈ కొండలకు తరలివచ్చారు. గనుల మురికి ఏళ్లలో కలిసినది; వేట మితిమీరినది. చేపలు తగ్గగా ప్రభుత్వమే కొత్త పిల్లలను తెచ్చి విడిచినది. 1885 నుండి 1953 వరకు అట్లు విడిచిన ట్రౌటులు 75 కోట్లకు పైమాటే. అన్యప్రాంతాల చేపలు కొన్ని స్థానికమైన వాటి ఆహారాన్ని పంచుకొన్నవి. కొన్ని వాటితో సంకరమైనవి. 1937 నాటికి గ్రీన్‌బాక్ అంతరించినదని భావించారు.

అయితే 1957లో ఒక మారుమూల వాగులో అది తిరిగి దొరికినదన్నారు. ఆ సంతతిని పెంచి అనేక వాగులలో విడిచారు. 1994లో గ్రీన్‌బాక్‌ను రాష్ట్ర మత్స్యంగా ప్రకటించారు. కాని 2007లో డి.ఎన్.ఏ. పరీక్ష చేయగా, గ్రీన్‌బాక్ అని పెంచుతున్న చేపలలో చాలా భాగం పర్వతాలకు పడమట ఉండే ఉపజాతి అని తేలినది!

అసలు గ్రీన్‌బాక్ ఏది? నదులన్నీ కలగాపులగమైన తరువాత నేటి చేపలు దీనికి సాక్ష్యం చెప్పలేవు. అందుచేత జెస్సికా మెట్‌కాఫ్, ఆమె సహచరులు మ్యూజియంల వైపు చూశారు. 1857 – 1889 మధ్య ప్రకృతి పరిశోధకులు పట్టి భద్రపరచిన చేపలు అక్కడ ఉన్నవి. వాటి డి.ఎన్.ఏ. చిన్నచిన్న తునకలైపోయినది. ఆ తునకలను ఓపికగా చదివి, నేటి చేపల డి.ఎన్.ఏ.తో పోల్చి, 2012లో ఫలితం ప్రకటించారు. గ్రీన్‌బాక్ సొంత తావు సౌత్ ప్లాట్ నది. కాని అప్పటికి మిగిలినది బేర్ క్రీక్ అనే ఒక్క చిన్న వాగులోనే! అది మరొక నదికి, ఆర్కాన్సా నదికి, ఉపనది. 19వ శతాబ్దం చివరలో ఒక హోటలు యజమాని యాత్రికుల వినోదానికై ఆ చేపలను అక్కడికి చేర్చాడు. ఏ అలవాటు జాతిని నాశనం చేసినదో, ఆ అలవాటే యాదృచ్ఛికంగా దానిని కాపాడినది.

అయినా ప్రమాదం తీరలేదు. కొద్ది చేపల సంతతి కావడం వల్ల వాటిలో జన్యు వైవిధ్యం చాలా తక్కువ. తరతరాలు దగ్గరి చుట్టరికంలోనే సంతానం కలిగితే లోపాలు బయటపడతవి. పెంపక కేంద్రాలలో పిల్లలు ఎక్కువగా చనిపోవడం, కొన్ని వంకర వెన్నుతో పుట్టడం ఇందుకు నిదర్శనం. పైగా ఒకే రకం విత్తనం చల్లిన పొలమంతా ఒకే తెగులుకు పోయినట్లు, వైవిధ్యం లేని జాతి ఒక్క వ్యాధికే తుడిచిపెట్టుకొని పోవచ్చు.

2014లో సౌత్ ప్లాట్ పరీవాహక ప్రాంతంలోని జిమ్మర్‌మన్ సరస్సులో ఈ చేపలను విడిచారు. హెర్మన్ గల్చ్ అనే వాగులో అవి తమంతట తామే పిల్లలు పెడుతున్నట్లు 2022లో ప్రకటించారు. అవి తమ నదికి తిరిగి చేరినవి.

పాఠశాల మ్యూజియంలో సీసాపై చీటీ అంటించే విద్యార్థికి ఈ చరిత్ర జ్ఞాపకముండాలి. పట్టిన స్థలం, తేదీ రాసి ఉన్నందుననే ఆ పాత చేపలు సాక్ష్యం చెప్పగలిగినవి. ఆ రెండు మాటలు లేకుంటే అవి వట్టి చచ్చిన చేపలే.