గుణదల కొండ మీద మధ్యవర్తిత్వం

తెలుగు ఊళ్లలో మధ్యవర్తి అంటే తగవు తీర్చే పెద్దమనిషి. ఏ పక్షానికీ చెందకపోవడమే అతని అర్హత. క్రైస్తవంలో ఈ మాటకు అర్థం దాదాపు తిరగబడుతుంది. తిమోతికి రాసిన మొదటి లేఖ రెండో అధ్యాయం దేవునికీ మనుషులకూ నడుమ మధ్యవర్తి ఒక్కడేననీ, ఆయన యేసుక్రీస్తనే మనిషనీ చెబుతుంది. క్రీస్తు పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి అని 451లో కాల్సిడన్ సభ తీర్మానించింది. ఇరువైపులా సొంతవాడే ఇద్దరినీ కలపగలడన్నది ఈ బోధలోని ప్రాణం.

కృష్ణా డెల్టాకు ఈ బోధ రెండు దారుల్లో వచ్చింది. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే మిషనరీలు మచిలీపట్నం చేరారు. వారిది ప్రొటెస్టెంటు దారి. ఆ సంఘాల్లో విశ్వాసి నేరుగా యేసు నామంలోనే అడుగుతాడు, పునీతులను పిలవడు. కతోలికులు మాత్రం పునీతులను, అందరికన్నా ముందు మరియమాతను, తమ తరఫున దేవుణ్ని వేడుకోమంటారు. ఈ ఆచారాన్ని 1563లో ట్రెంట్ సభ సమర్థించింది.

విజయవాడలో ఈ రెండో దారికి చిరునామా గుణదల. నగరానికి పడమట భవానీపురం, అక్కణ్ణుంచి కనకదుర్గమ్మ వెలసిన ఇంద్రకీలాద్రి దాటి తూర్పుగా వెళితే మేరీమాత కొండ వస్తుంది. అక్కడి సెయింట్ జోసెఫ్ అనాథాశ్రమ పెద్ద, ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ ఆర్లాటి, 1924లో ఆ కొండ మీద లూర్దుమాత స్వరూపాన్ని నెలకొల్పారు. ఫ్రాన్సులోని లూర్దులో 1858 ఫిబ్రవరి 11న మరియ తొలిసారి దర్శనమిచ్చిందని కతోలికుల నమ్మకం. గుణదల ఉత్సవాలు అందుకే ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు సాగుతాయి.

ఆ మూడు రోజులూ కొండ కింద తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు. గుండు మీద తడి ఆరకముందే పిల్లల్ని చంకనెత్తుకుని, చేత కొవ్వొత్తులతో మెట్లెక్కుతారు. వారిలో హిందువులూ తక్కువేం కాదు. మొక్కు అనే మాట తెలుగు నేలదే. ఇక్కడ అది మరియమ్మకూ దక్కింది. దీన్ని కల్తీ అనడం తొందరపాటు: ఎరిగిన భాషలోనే మనిషి మొర పెట్టుకుంటాడు.

అయినా అసలు ప్రశ్న మిగిలే ఉంది. మధ్యవర్తి ఒక్కడే అయితే తల్లి స్థానం ఏది? రెండో వాటికన్ సభ 1964లో దీనికి జవాబిచ్చింది. మరియ పాత్ర క్రీస్తు మధ్యవర్తిత్వాన్ని తగ్గించదు, దానికి ఏమీ చేర్చదు, దాని మీదే ఆధారపడుతుంది. ఆమెను సహ విమోచకి, అంటే క్రీస్తుతో కలిసి రక్షించేది, అని పిలవడం తగదని 2025 నవంబరులో వాటికన్ మరోసారి హెచ్చరించింది.

కొండ మీద జపమాల తిప్పే చేతుల్లో మధ్యవర్తికీ తల్లికీ ఉన్న ఈ తేడా స్పష్టంగానే ఉంది. మంగళవార్త జపంలో భక్తులు మరియమ్మను వరం ఇమ్మని అడగరు. పాపులమైన తమ కోసం ప్రార్థించమని మాత్రమే అడుగుతారు.