కడుపున పుట్టని వారసులు

అమెరికాలో ‘డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రివల్యూషన్’ అనే మహిళా సంఘం 1890 నుంచీ ఉంది. స్వాతంత్ర్య యుద్ధంలో తమ ముత్తాతల ముత్తాత పాలుపంచుకున్నాడని తరం తరానికీ కాగితం చూపించిన ఆడవాళ్లకే అందులో చోటు. 1939లో నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్ కచేరీకి వాళ్లు తమ హాలు ఇవ్వలేదు. ఆ కోపంతోనే అప్పటి అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ సభ్యత్వానికి రాజీనామా చేసింది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా వారసత్వం దారి తప్పొచ్చన్నమాట!

మన తెలంగాణ సాయుధ పోరాటంలో నిలిచిన ఆడవాళ్ల కథ ఇట్లా రక్తసంబంధం పట్టుకుని మన దాకా రాలేదు. దాన్ని తెచ్చింది హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన. ఎమర్జెన్సీ ముగిసి, 1978లో రమీజాబీపై పోలీసుల అత్యాచారం ఉదంతంతో నగరం అట్టుడికిన రోజుల్లో కూడిన బృందమది. కె. లలిత, వసంత కన్నబిరాన్, రమా మేల్కోటే, సూసీ తారు, వీణా శత్రుఘ్న, ఉమామహేశ్వరి లాంటి వాళ్లు టేప్ రికార్డర్ పట్టుకుని ముసలమ్మల ముందు కూర్చున్నారు. ఆ మాటలే 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే పుస్తకమయ్యాయి.

పాలకుర్తి చిట్యాల ఐలమ్మ గొంతు అందులో ఉంది. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురుతిరిగి పొలం నిలబెట్టుకున్న ఆమె పుస్తకం అచ్చయ్యే నాటికి లేదు, 1985 సెప్టెంబరులోనే పోయింది. ఇంకొన్నేళ్లు ఆలస్యం చేసి ఉంటే ఆ గొంతు ఎవరికి దొరికేది? దళాల్లో తిరిగిన మల్లు స్వరాజ్యం మాటలూ ఉన్నాయి. నన్ను ఎక్కువ కుదిపింది మాత్రం కమలమ్మ. అడవిలో బిడ్డను కన్నది. పసికందు ఏడిస్తే దళం ఉనికి బయటపడుతుంది, అందుకని బిడ్డను ఇచ్చేయవలసి వచ్చింది. ఆ బిడ్డ ఏ సంఘానికి ఏ వంశవృక్షం చూపించగలదు?

స్త్రీశక్తి సంఘటన వాళ్లు అడిగిన తీరులోనే ఉంది అసలు సంగతి. ఎన్ని తుపాకులు, ఎన్ని దాడులు అనే దగ్గర ఆగలేదు. పెళ్లి, కాన్పు, వంట, దళంలో మగవాళ్లు చూసిన చూపు, అన్నీ అడిగారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించాక ఇంటికిపోయి పిల్లల్ని చూసుకోమన్నప్పుడు కలిగిన చేదు అందుకే బయటికొచ్చింది. కమ్యూనిస్టు పార్టీ చరిత్రల్లో ఆ చేదుకు పెద్దగా చోటు లేదు.

సర్కారు లెక్క వేరు. 1972లో మొదలైన స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకు సాధారణంగా ఆరు నెలల జైలు చూపించాలి, ఆడవాళ్లకైతే మూడు నెలలు. అన్నం వండి దళానికి మోసినదానికి ఏ జైలరు సర్టిఫికెట్ ఇస్తాడు? యోధులు, వాళ్ల జీవిత సహచరులూ పోయాక పెళ్లికాని కూతుళ్లకు ఆ పింఛను వస్తుంది, పెళ్లయితే ఆగిపోతుంది. ఇదీ ఒక వారసత్వమే, తాళి కట్టేవరకు! 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు, ఆమె మనవరాలిని మహిళా కమిషన్‌లోకి తీసుకుంటామనీ ప్రకటించారు. మంచిదే. ఆ చదువులమ్మలు ఆమె మాటలు కూడా చదివితే ఇంకా మంచిది.

నేను ఉండేది హైదరాబాద్ ఐటీ కంపెనీల పక్కన, ఖాజాగూడలో. పక్కనే ఉన్న రాయదుర్గానికి భూమి కాగితాల్లో ఇప్పటికీ ‘పాయిగా’, ‘పన్మక్తా’ అన్న జాగీర్ల కాలపు పాత పేర్లే. పదో అంతస్తులో కోడు రాసే అమ్మాయికి ఆ మాటల వెనక ఉన్న దొరతనం తెలియకపోవచ్చు. కానీ జనగామ, సూర్యాపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగాలు చేసేవాళ్లలో, ఇళ్లలో అంట్లు తోమేవాళ్లలో ఆ పోరాటం చూసినవాళ్ల మనవరాళ్లు తప్పకుండా ఉంటారు. జేబులో ఫోనుంది, టేపు ఖర్చు లేదు. ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చున్నప్పుడు తుపాకీ సంగతి ముందే అడగొద్దు. వాళ్లమ్మ ఆ రోజుల్లో రాత్రిపూట ఎవరికి అన్నం పెట్టిందో అడగండి.