మన కొట్టాల్లోని పాత బళ్లు, చట్టం గుర్తించే చరిత్ర

ఈసారి మన లోయలోని పాత బళ్ల గురించి రాస్తున్నాం. "మా తాత కొన్న జీపు, రోడ్డెక్కించొద్దనడానికి సర్కారెవరు?" అనే మాట మనలో చాలామంది అనేదే. ఆ మాటలో న్యాయం ఎంతో, దాని హద్దు ఎక్కడో చూద్దాం.

మోటారుతో మనవాళ్ల బంధానికి వందేళ్లు దాటాయి. కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు గారు 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఒక్క బస్సుతో మొదలుపెట్టారు. యు.ఎం.ఎస్. పేరుతో అది పెద్ద కంపెనీ అయింది. ఆ కుటుంబం కాపాడిన పాత కార్లు ఇప్పుడు కోయంబత్తూరు జీడీ కార్ మ్యూజియంలో ఉన్నాయి.

కంబం కథ వేరు. మదురై నుంచి 1928లో వచ్చిన రైలు బోడిలోనే ఆగిపోయింది. మనకు దిక్కు బస్సూ లారీ, ఆ తర్వాత జీపు. కంబంమెట్టు, కుమిళి కొండదారుల్లో ఏలకుల తోటలకు కూలివాళ్లను మోసింది జీపే. పెట్రోలు ఖర్చు తట్టుకోలేక పాత ఇంజను దించి డీజిల్ ఇంజను ఎక్కించుకున్నవాళ్లున్నారు. సీట్లు మార్చారు, పైకప్పు మార్చారు. మన చరిత్ర అలా మార్చుకుంటూ బతికిన చరిత్ర.

ఇక చట్టం. బాడుగ బళ్లకు ఎఫ్.సి. 1939 చట్టంలోనే ఉంది. 1988 చట్టం ప్రకారం సొంత బండి ఆర్.సి. 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత 5 ఏళ్లకోసారి బండిని చూపించి పొడిగించుకోవాలి. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ బళ్లకు వేరే నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన, సొంతానికి వాడుకునే రెండు చక్రాల, నాలుగు చక్రాల బళ్లకు ఇవి వర్తిస్తాయి. కొత్తగా రిజిస్టర్ చేస్తే రుసుము 20,000 రూపాయలు, 10 ఏళ్లు చెల్లుతుంది. తిరిగి చేయించడానికి 5,000. ముందే రిజిస్టరైన బండి తన పాత నంబరునే ఉంచుకోవచ్చు. అయితే రోజువారీ తిరుగుడు కుదరదు, బాడుగకు అసలే కుదరదు. ప్రదర్శన, ర్యాలీ, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతు వంటి వాటికే రోడ్డెక్కాలి.

బ్రిటన్‌లో 2018 మే నుంచి, పెద్ద మార్పులు చేయని 40 ఏళ్లు దాటిన కార్లకు ఏటేటా పరీక్ష లేదు. కానీ బండి బాగుందా లేదా అన్న బాధ్యత యజమానిదే. అక్కడ పరీక్ష తీసేసి రోడ్డు వదిలారు. ఇక్కడ బండిని ఉండనిచ్చి రోడ్డు తగ్గించారు.

బండిని ఇంట్లో ఉంచుకోవడం మన స్వేచ్ఛ. బ్రేకు పట్టని బండిని మెట్టు దారిలో దింపడం స్వేచ్ఛ కాదు, వెనక కూర్చున్న కూలి తల్లుల ప్రాణంతో ఆట. ఆ విషయంలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మనకు శత్రువు కాడు. బాడుగ జీపుకు మినహాయింపు అడగడం న్యాయం కాదు.

మన ఫిర్యాదు వేరే చోట ఉంది. ఛాసిస్, బాడీ, ఇంజను మార్చని బండినే ఈ నియమాలు వింటేజ్ అంటాయి. షెడ్డులో కప్పిపెట్టి కాపాడగలిగిన వాడి కారు చరిత్ర అవుతుంది. ఇంజను మార్చి మూడు తరాలను మోసిన జీపు చరిత్రలో లేకుండా పోతుంది. పరీక్ష వద్దని మనం అనడం లేదు. పరీక్ష పెట్టి, బ్రేకు, స్టీరింగు చూసి, ఆనాటి మార్పులతో ఉన్న బండిని కూడా వారసత్వంగా ఒప్పుకోమని అడగాలి.

అంతవరకూ ఒక పని చేద్దాం. ఇంట్లో పాత జీపో బుల్లెట్టో ఉంటే ఆర్.సి. పుస్తకం తీసి మొదటి రిజిస్ట్రేషన్ తేదీ చూడండి. ఇంజను ఎప్పుడు, ఎక్కడ మార్చారో పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టండి. పాత ఇనుముకు వేసేముందు సంఘానికి ఒక్క మాట చెప్పండి.