భుజాన మోసిన టేపు యంత్రం

ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది నా కుడి భుజం నొప్పి. సెల్‌ఫోనుతో పెళ్ళంతా తీసే మన మనవలు నమ్మరుగాని, ఒకప్పుడు కెమెరా ఒకటి, బొమ్మను టేపు మీదికెక్కించే రికార్డరు వేరొకటి. రెంటినీ కలుపుతూ ఒక లావుపాటి కేబులు. కెమెరా ఆయన ముందు, రికార్డరు మోసే నేను వెనక, కాశీయాత్రకు బయల్దేరిన పెళ్ళికొడుకూ గొడుగు పట్టేవాడూ అన్నట్టు.

సోనీ కంపెనీ 1967లో తెచ్చిన తొలి పోర్టాపాక్‌లో రికార్డు చేయడమే తప్ప చూడటానికి వీల్లేదు. టేపు వెనక్కి తిప్పాలంటే చేత్తో పిడి తిప్పాల్సిందే. మన దేశంలో 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు 'సైట్' ఉపగ్రహ ప్రయోగం ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ చూపించింది. ఆ కార్యక్రమాలు తయారుచేసిన కేంద్రాల్లో మన హైదరాబాదు ఒకటి. 1977లో ఇక్కడ దూరదర్శన్ వచ్చింది. నా చేతికొచ్చేసరికి ముప్పావు అంగుళం టేపు యూమాటిక్ నడుస్తోంది. బరువు పది కిలోలకు తగ్గదు, చిన్న క్యాసెట్టు ఇరవై నిమిషాలే.

దానికి కావలసింది 12 వోల్టుల డీసీ. లోపలి బ్యాటరీ, లేదా 230 వోల్టుల ప్లగ్గులో పెట్టే అడాప్టరు, రెండూ లేకపోతే కారు బ్యాటరీ. ఎర్ర బటనూ ప్లే బటనూ కలిపి నొక్కితేనే రికార్డింగు. ధ్వని చూపించే ముల్లే ఒక మీట నొక్కితే బ్యాటరీ బలమూ చూపేది. తేమ ఎక్కువైతే 'డ్యూ' దీపం వెలిగి యంత్రం మొరాయించేది. అన్నిటికన్నా మాయదారి బటను పాజ్. టేపు ఆగుతుంది గాని హెడ్ల చక్రం తిరుగుతూనే ఉంటుంది, బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది.

ఈ సంగతి నాకు జీడిమెట్లలో ఒంటబట్టింది. 1984లో అక్కడి ఒక ఫౌండ్రీలో కార్మికుల భద్రత మీద చిన్న చిత్రం తీస్తున్నాం. ఒక పెద్దాయన ఆ రోజు తన ఆఖరి పోత పోస్తున్నారు, మర్నాటి నుంచి రిటైర్మెంటు. ఇనుము కరిగేదాకా పాజ్‌లో పెట్టి కూర్చున్నాను. తప్పు నాదే. పోత మొదలయ్యే వేళకు ముల్లు ఎర్రగీత దిగిపోయింది, పైగా కరెంటు కోత.

"బాబూ, ఒక్క నిమిషం ఆపుతా, కానీ లోహం ఆగదు" అన్నారాయన.

డ్రైవరు వ్యాను బ్యాటరీ నుంచి రెండు తీగలు లాక్కొచ్చాడు. తొందరలో గుచ్చబోయి, ఎందుకో మీటరు పెట్టి చూశాను. ఎర్రతీగ నెగటివ్! అలాగే పెట్టి ఉంటే యంత్రం పోయేది, నా ఇంక్రిమెంటూ పోయేది. తీగలు మార్చాం, ముల్లు లేచింది, పోత మొత్తం టేపుకెక్కింది.

చిత్రంలో ఆ దృశ్యం అర నిమిషమే వాడారు. పూర్తి పోత ఉన్న అసలు క్యాసెట్టును, యంత్రాలు వేలం వేసిన రోజున అనుమతి తీసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. మొన్న ఆ పెద్దాయన కొడుకు వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్ళింట్లో ఆయన ఫోటో ఒక్కటే ఉందట, గొంతు ఎక్కడా లేదట. క్యాసెట్టు నా బీరువాలో భద్రంగానే ఉంది, ఆడించే యంత్రమే లేదు. సభ్యుల్లో ఎవరి ఎరికలోనైనా పనిచేసే యూమాటిక్, అడాప్టరుతో సహా ఉంటే, సంఘ కార్యాలయంలో కబురు చెప్పండి. మోసుకు రావడానికి ఇంకో భుజం ఉంది.