వాల్వుల లోపము కనుగొను విద్య

హైదరాబాదు చుట్టును 158 కిలోమీటర్ల మేర సాగిన ఔటర్ రింగు రోడ్డు కొంగరకలాన్ చేరువగా పోవుచున్నది. ఆ బాటపై పరుగిడు కార్లలో పెక్కింటికి, ఇంజనులోనికి గాలిని విడుచు వాల్వు తెరచుకొను వేళను వేగమును బట్టి మార్చు ఏర్పాటు గలదు. అది చెడినపుడు లోపమెచ్చట నున్నదో కనుగొనుట యెట్లు? ఈ విద్యకు నూరేండ్లకు మించిన చరిత్ర యున్నది.

తొలినాటి ఇంజనులలో ఈ వాల్వును తెరచుటకు వేరే సాధనము లేదు. పిస్టను దిగునపుడు కలుగు పీల్పునకు అది తానే తెరచుకొనెడిది. పలుచని స్ప్రింగు దానిని మూసెడిది. వేగము హెచ్చినకొలది వాల్వు వెనుకబడెడిది. కనుక స్ప్రింగు బిగువును చూచుటయే నాటి ముఖ్య పరీక్ష. 1901 నాటి మెర్సిడెస్ కారులో ఈ పనిని క్యామ్ షాఫ్టు చేపట్టెను.

మన ప్రాంతమున 1932 జూన్ నెలలో నిజాం స్టేటు రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో వెలసెను. గ్లాస్గో నగరపు ఆల్బియన్ బస్సులు ఆ శాఖవారివే. ఆ కాలపు ఇంజనులలో వాల్వు వేళ మారునది కాదు. మెకానిక్కు కనిపెట్టవలసినది వాల్వు కొననున్న సన్నని సందు. అది పెరిగినచో టకటక శబ్దము పుట్టును; తరిగినచో వాల్వు పూర్తిగా మూసికొనక అంచు కాలిపోవును. స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు, పిడిని చెవికి ఆనించి శబ్దమెచ్చటిదో పసిగట్టుట మెకానిక్కుల నేర్పు.

1980లో ఆల్ఫా రోమియో, 1989లో హోండా సంస్థలు వాల్వు నడకను మార్చు కార్లను వెలువరించెను. నేడు పెక్కు కార్లలో కంప్యూటరు ఆజ్ఞపై ఒక సొలెనాయిడు ఇంజను ఆయిలును మళ్లించగా, ఆ ఒత్తిడి క్యామ్ షాఫ్టును కొంచెము ముందునకో వెనుకకో త్రిప్పును. లోపము కలిగినచో ఎదుట దీపము వెలుగును. పరికరమును తగిలించిన పి-0011 వంటి కోడు కనబడును.

అయితే కోడు చెప్పునది ఫలమునే గాని కారణమును గాదు. క్యామ్ షాఫ్టు ఉండవలసిన చోట లేదనియే దాని యర్థము. ఆయిలు తగ్గి యుండవచ్చును, మడ్డి పట్టి సన్నని జల్లెడ మూసికొని యుండవచ్చును, తీగ తెగియుండవచ్చును, టైమింగు చెయిను సాగియుండవచ్చును. కోడు చూచినంతనే సొలెనాయిడు మార్చిన పిదప మరల అదే దీపము వెలిగినచో, ఖర్చు యజమానిది, అపకీర్తి మెకానిక్కుది.

కావున మొదట ఆయిలు మట్టమును, రకమును చూడవలెను. పిదప తీగలను, జల్లెడను పరీక్షింపవలెను. ఇంజను నిలకడగా తిరుగుచుండగా సొలెనాయిడుకు విద్యుత్తు నిచ్చినపుడు నడక తడబడెనా, అది ఆజ్ఞకు లోబడుచున్నదని గ్రహింపవచ్చును. ఇంజను విప్పుట కట్టకడపటి పని. చెవి చేసిన పనిని నేడు పరికరము కొంత పంచుకొన్నది. చౌకైన కారణమునుండి ఖరీదైన దానికి క్రమముగా నడచు వివేకము మాత్రము ఇప్పటికిని మనుష్యునిదే.