మాట ముందు ముక్కలో ఇంగ్లండు చరిత్ర

నూజివీడు చుట్టుపక్కల మామిడి తోట ఉన్న ఏ ఇంట్లోనైనా ఒక్క వేసవిలో ఎన్ని ఇంగ్లీషు మాటలు దొర్లుతాయో చూడండి. సర్వే నంబరు, రీసర్వే, సబ్‌రిజిస్ట్రారు, అడ్వాన్సు, కమీషను, ఎక్స్‌పోర్టు. తోతాపురికి మన వైపు పేరే కలెక్టరు కాయ. ఈ మాటల ముందు ఒక్కో చిన్న ముక్క అతుక్కుని ఉంది: సర్, రీ, సబ్, అడ్, కమ్, ఎక్స్, కల్. ఇంగ్లీషులో ప్రిఫిక్సులు, మన వ్యాకరణంలో ఉపసర్గలు. నేను ఇంగ్లండు దక్షిణాన ససెక్స్‌లో స్థిరపడ్డాక ఈ దేశపు చరిత్ర నాకు బోధపడింది చాలావరకు వీటివల్లే. ఈ దీవికి ఎవరెప్పుడు వచ్చారో, ఎవరు ఎవరి కింద బతికారో ఈ ముక్కల్లో దాగి ఉంది. మన ఊళ్ళో పిల్లలు వీటిని పట్టిక వేసుకుని బట్టీ పడతారని తెలుసు కాబట్టి ఇది రాస్తున్నాను.

రోమన్లు ఈ దీవిని క్రీ.శ. 43 నుంచి 410 దాకా ఏలారు. అప్పటికి ఇక్కడ ఇంగ్లీషు లేదు. వాళ్ళు వెళ్ళిపోయాక, ఐదో శతాబ్దంలో, ఇప్పటి జర్మనీ, డెన్మార్క్ తీరాల నుంచి ఆంగ్లులు, శాక్సన్లు, జూట్లు పడవల్లో దిగారు. వాళ్ళు తెచ్చుకున్న యాసలే ఇంగ్లీషుకు మొదలు. అన్, మిస్, ఫోర్, ఓవర్, అండర్, బీ, విత్ అన్నవి ఆ తొలి సొత్తు. వీటిలో విత్ సంగతి వినండి. ఇవాళ దానికి ‘తోడు’ అని అర్థం. ఆ రోజుల్లో ‘ఎదురు’ అని. పాత అర్థం విడిమాటలో పోయింది గానీ ఉపసర్గలో నిలిచింది. విత్‌స్టాండ్ అంటే ఎదురు నిలవడం కదా, ‘తోడు నిలవడం’ కాదు. ఆన్సర్ అన్న మాటలోనూ అలాంటి ముక్క ఒకటి కలిసిపోయి ఉంది. ‘అండ్’ అనే పాత ఉపసర్గకు ఎదురు అని అర్థం, మిగతా సగం ప్రమాణం చేయడం. మోపిన నేరానికి ఎదురుగా ఒట్టేసి చెప్పే మాట ఆన్సర్. ఇప్పుడు ప్రతి ప్రశ్నపత్రం మీదా ఉన్న ఈ మాట పుట్టింది తగవుల దగ్గర.

793లో వైకింగులు ఉత్తరాన లిండిస్‌ఫార్న్ మఠాన్ని దోచారు. ఆ తర్వాత చాలామంది ఇక్కడే ఉండిపోయి సేద్యం చేసుకున్నారు. వాళ్ళ నుంచి మాటలు బోలెడు వచ్చాయి, ఉపసర్గలు మాత్రం పెద్దగా రాలేదు. మిస్టేక్ వాళ్ళ మాటే.

అసలు మలుపు 1066 అక్టోబరు 14. ఫ్రాన్సు ఉత్తర తీరం నుంచి వచ్చిన నార్మన్ ప్రభువు విలియం, ఇంగ్లండు రాజు హెరాల్డును ఓడించి చంపాడు. హేస్టింగ్స్ యుద్ధమని దానికి పేరు. జరిగిన చోటు ససెక్స్‌లో ఉంది, ఆ ఊరి పేరే ‘బాటిల్’. ఆ రోజుతో కచేరీ, కొలువు, కోర్టు ఫ్రెంచి చేతికి పోయాయి. మనకు ఇంగ్లీషంటే దొరల భాష, అధికారం భాష. కానీ దాని సొంత గడ్డ మీద అది దాదాపు మూడు వందల ఏళ్ళు పొలం దున్నేవాళ్ళ భాష, పాలేర్ల భాష. కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టం తెచ్చారు. ఆ చట్టం రాసింది కూడా ఫ్రెంచిలోనే! ఇంగ్లీషు మాతృభాషగా పెరిగిన రాజు మళ్ళీ గద్దె ఎక్కింది 1399లో, నాలుగో హెన్రీ రూపంలో. ఇంగ్లీషు ముందు తల వంచుకునే మన పిల్లలకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలని నాకు గట్టిగా ఉంటుంది.

ఆ ఏలుబడి మిగిల్చినవే రీ, డిస్, ఎన్, కౌంటర్, సర్. ఈ ‘సర్’ లాటిన్ ‘సూపర్’ ఫ్రెంచి నోట్లో అరిగిన రూపం. అర్థం ‘పైన’. సర్‌నేమ్ అంటే పేరు మీద పేరు, మన ఇంటిపేరు. సర్వే అంటే పైనుంచి చూడటం, అంటే అజమాయిషీ. విలియం 1086లో మనుషుల్ని పంపి ఏ ఊళ్ళో ఎంత భూమి ఉంది, ఎన్ని నాగళ్ళు ఉన్నాయి, ఎవరి చేతిలో ఉంది అని రాయించాడు. ఆ డూమ్స్‌డే పుస్తకం ఇప్పటికీ భద్రంగా ఉంది. గెలిచినవాడు ముందు భూమి లెక్క తీస్తాడు, ఎక్కడైనా అంతే. మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో ఆ ‘సర్’ ముందు ‘రీ’ కూడా చేరింది. రెండు ముక్కలూ ఫ్రెంచి దారిన వచ్చినవే.

అరువు ముక్కలు సొంత మాటలకు, సొంత ముక్కలు అరువు మాటలకు అంటుకోవడం తరవాతి కథ. రీబిల్డ్‌లో తల ఫ్రెంచి, ఒళ్ళు ఇంగ్లీషు. అన్‌జస్ట్‌లో తల ఇంగ్లీషు, ఒళ్ళు ఫ్రెంచి.

1476లో కాక్స్‌టన్ ఇక్కడ అచ్చుయంత్రం పెట్టాక పండితులు లాటిన్, గ్రీకు పుస్తకాల నుంచి మాటలు కుప్పలుగా దించుకున్నారు. దాని మీద పెద్ద గొడవే జరిగింది. కేంబ్రిడ్జి పండితుడు జాన్ చీక్, మన భాషను కల్తీ లేకుండా రాసుకోవాలని 1557లో ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. సువార్త అనువాదంలో ‘రిసరెక్షన్’ వద్దని ‘గెయిన్‌రైజింగ్’ అని కట్టాడు. ‘గెయిన్’ పాత ఇంగ్లీషు ఉపసర్గ. అది నిలవలేదు. అచ్చ తెలుగు పట్టుదల చూసిన మనకు ఆయన బాధ అర్థమవుతుంది. కానీ జనం నోట నిలవనిది ఎంత స్వచ్ఛమైనదైతే ఏం?

ఆ లాటిన్ మోజు ఒక తప్పును కూడా స్థిరం చేసింది. మన తోట పూత మీదుండగానే వ్యాపారి ఇచ్చే అడ్వాన్సు ఫ్రెంచిలో ‘అవాన్సే’, దాని వెనక లాటిన్‌లో ‘అబాంటె’. అందులో ‘డ’కారం లేదు. మొదటి ‘అ’ లాటిన్ ‘అడ్’ అయి ఉంటుందని పదహారో శతాబ్దపు పండితులు పొరబడి దాన్ని చొప్పించారు. ఇక కలెక్టరులోని ‘కల్’ అంటే కలిపి. కలిపి పోగుచేసేవాడు కలెక్టరు. పోగుచేసింది శిస్తు.

ఉపసర్గ తెలిసిన తెలుగు పిల్లవాడికి ఇందులో సగం కొత్తదే కాదు. సంస్కృతం, లాటిన్, గ్రీకు, ఇంగ్లీషుకు దగ్గరి చుట్టమైన గోథిక్ ఒకే మూలం నుంచి పుట్టి ఉంటాయన్న ఆలోచనను భాషాపండితుడు విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పాడు. దానికి ఈ ముక్కలు మంచి సాక్ష్యం. అనారోగ్యంలోని ‘అన్’, అనీమియాలోని గ్రీకు ‘అన్’, ఇన్‌యాక్టివ్‌లోని లాటిన్ ‘ఇన్’, అన్‌హ్యాపీలోని ఇంగ్లీషు ‘అన్’ ఒక్కటే. ప్రొ, ప్ర ఒక్కటే. పెరి, పరి ఒక్కటే. డిసెంటరీలో ఉన్న గ్రీకు ‘డిస్’ (ఫ్రెంచి దారిన వచ్చిన ‘డిస్’ వేరు) మన దుర్గతిలోని ‘దుర్’. సబ్ కలెక్టరును ఉపకలెక్టరు అనడంలో వింతేమీ లేదు, సబ్, ఉప దాయాదులు.

అయితే తెలుగు ఆ కుటుంబానిది కాదు. ఆ మాట మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం ముందుమాటకు చేర్చిన వివరణలో రుజువులతో చెప్పాడు. మన భాష అర్థాన్ని ధాతువు వెనక పేరుస్తుంది: రాలేదు, రానివ్వడు, రాబోతాడు. మామిడి రకాల పేర్లయిన చిన్నరసం, పెద్దరసంలో ముందున్నవి ఉపసర్గలు కావు, విడిగా బతకగల మాటలు. ఉపసర్గలు సంస్కృతం ద్వారా, బేఖాతరులో ‘బే’, గైరుహాజరులో ‘గైరు’ నవాబుల కాలపు పారసీ ద్వారా మనకొచ్చాయి. ఇంగ్లీషుకు జరిగిందే మనకూ జరిగింది.

నూజివీడు ప్రాంతపు ఇంగ్లీషు మాస్టార్లకు, తెలుగు మాస్టార్లకు కలిపి ఒక విన్నపం. ఉపసర్గల పాఠం, ప్రిఫిక్సుల పాఠం వేరువేరు గదుల్లో, వేరువేరు నెలల్లో చెప్పకండి. ఒక్క పూట ఇద్దరూ ఒకే తరగతిలో నిలబడి, అనారోగ్యాన్నీ అనీమియానూ ఒకే బల్ల మీద పక్కపక్కన రాయండి.